పోరాటంలో వంతు, ఫలితంలో వంతు

శ్రీకాకుళం జిల్లా సోంపేట దీక్షా శిబిరంలో రోజూ తేల్చుకోవలసిన మాట ఒకటే ఉండేది: రేపు ఎవరి వంతు? 2009 డిసెంబరులో థర్మల్ ప్లాంటు వద్దంటూ మొదలైన ఆ రిలే నిరాహార దీక్ష వెయ్యి రోజులు దాటి సాగింది. అన్నాళ్లూ కూర్చున్నది ఒక నాయకుడో, ఒక సంఘమో కాదు. ఊళ్లు వంతులు వేసుకున్నాయి. కోతలొచ్చినా, వేట సాగుతున్నా, ఇళ్లలో పెళ్లిళ్లు పడినా శిబిరం ఖాళీ కాలేదంటే ఆ వంతే కారణం. మన భాషలో వంతుకు రెండర్థాలున్నాయి. పనిచేయాల్సిన తరుణం ఒకటి, దక్కాల్సిన వాటా రెండోది. పలాస, టెక్కలి, ఉద్దానం తీరంలో ఎనభై ఏళ్లకు పైగా చిన్నచిన్న సంఘాలు కలిసి చేసిన పనిని వరసపెట్టి చూస్తే, మొదటి అర్థంలో వంతు గొప్పగా నడిచింది, రెండో అర్థంలో ఇంకా నడవాల్సి ఉంది. ముంచుకొస్తున్న నష్టాన్ని ఆపాల్సి వచ్చినప్పుడల్లా ఇక్కడి జనం కలిశారు, చాలాసార్లు గెలిచారు. కలిసినవాళ్లలో అందరికంటే బలహీనులు తమ సొంత గోడు ఎత్తినప్పుడు మాత్రం ఆ కలయిక మౌనంగా ఉండిపోయింది. ఈ తేడా ఎక్కడ పుట్టిందో వెతకడమే ఈ సమీక్ష పని.

ముందు నేల సంగతి. జలంత్రకోట దగ్గర నిలబడితే తూర్పున కొబ్బరి, జీడి, పనస తోటలు, వాటి అవతల ఇసుక దిబ్బలు, సముద్రం. పడమట మందస వైపు మహేంద్రగిరి కొండలు. ఉద్యానవనం అన్న మాటే జనం నోట ఉద్దానమైందంటారు. ఈ సన్నని పట్టీలోనే తోటల రైతులు, వరి రైతులు, మత్స్యకారులు, దళితులు, కొండవాలు సవరలు, ఉప్పు మడుల కూలీలు, జీడి కార్ఖానాల్లో పిక్కలు కొట్టే ఆడవాళ్లు బతుకుతున్నారు. వీళ్లెవరి బతుకూ ఒకేలా ఉండదు. ఒకరి తోట గట్టు మీద ఇంకొకరు కూలి, ఒకరి పడవలో ఇంకొకరు వాటాదారు. ఇలాంటి చోట ‘ప్రజలందరూ ఏకమయ్యారు’ అని రాయడం తేలిక. ఏ షరతుల మీద ఏకమయ్యారో చూడటమే కష్టం. ఆ షరతుల్లోనే అసలు విషయం దాగి ఉంది.

సోంపేట బీలను తీసుకుందాం. ఊళ్లకూ సముద్రపు దిబ్బలకూ మధ్య పల్లంలో వాన నీళ్లు, వాగుల నీళ్లు నిలిచే మంచినీటి చిత్తడి నేల అది. ఆ నీటిని ఎత్తిపోతలతో పొలాలకు మళ్లించుకునేవాళ్లు రైతులు. చేపలు పట్టుకునేవాళ్లు వేరు, పశువులు మేపుకునేవాళ్లు వేరు, గడ్డీ జమ్మూ కోసుకుని అమ్ముకునేవాళ్లు వేరు. ఒకే నీటికి ఇన్ని రకాల హక్కుదారులు, ఎవరి చేతిలోనూ పట్టా లేదు. ప్రభుత్వ కాగితాల్లో మాత్రం అది పనికిరాని బంజరు. 2008లో జి.ఓ. 1107 ద్వారా దాదాపు 972 ఎకరాలు నాగార్జున కన్‌స్ట్రక్షన్ కంపెనీ థర్మల్ విద్యుత్ కేంద్రానికి కేటాయించారు. అదే రోజుల్లో సంతబొమ్మాళి మండలం కాకరాపల్లి తంపరలో 2,400 ఎకరాల పైచిలుకు భూమిని ఈస్ట్ కోస్ట్ ఎనర్జీ అనే కంపెనీకి ఇచ్చారు. బీల, తంపర అన్నవి స్థానికుల మాటలు. ఆ మాటల్లో నీరుంది, చేప ఉంది, ఋతువుంది. బంజరు అన్న మాటలో అవేవీ లేవు. పేరు మారిస్తే భూమి చేతులు మారడం ఎంత సులువో ఆ ఏడాది ఉద్దానం కళ్లారా చూసింది.

సోంపేటలో కలయిక నడిచిన తీరు గమనించదగ్గది. పర్యావరణ పరిరక్షణ సంఘం అన్న పేరుతో ఊరి వైద్యులు, ఉపాధ్యాయులు, రైతులు ముందు నిలిచారు. మత్స్యకార గ్రామాలు తమ కులపెద్దలతో, తమ కట్టుబాటుతో, తమ పేరుతోనే వచ్చాయి. కేంద్ర విద్యుత్ శాఖ మాజీ కార్యదర్శి ఇ.ఎ.ఎస్. శర్మ కాగితాల యుద్ధం భుజానికెత్తుకున్నారు. పర్యావరణ అనుమతిని సవాలు చేస్తూ జాతీయ పర్యావరణ అప్పీళ్ల అథారిటీ దాకా వెళ్లారు. మానవ హక్కుల వేదిక వాస్తవాలు సేకరించి ప్రచురించింది. మేధా పాట్కర్ వంటివారు జాతీయ ప్రజా ఉద్యమాల వేదిక తరఫున వచ్చి నిలబడ్డారు. వీళ్లలో ఎవరూ ఇంకొకరి పని చేయబోలేదు. చట్టం తెలిసినవాళ్లు శిబిరానికి నాయకులు కాలేదు, శిబిరంలో కూర్చున్నవాళ్లను మీకు చట్టం తెలియదని ఎవరూ పక్కకు నెట్టలేదు. ఇంతమందినీ ఒకే గొడుగు కిందకు తెచ్చి, ఒకే కార్యవర్గం పెట్టి, ఒకే తీర్మానం చేయించి ఉంటే మత్స్యకారుడు ఆ తీర్మానం చివరి వాక్యంలో మిగిలేవాడు. ఎవరి వృత్తి పేరుతో వారొచ్చారు కాబట్టే బీలకున్న విలువలన్నీ బయటికొచ్చాయి. అది బంజరు కాదని రుజువు చేసింది ఆ వృత్తులే.

2010 జూలై 14న సోంపేటలో పోలీసులు కాల్పులు జరిపారు. ఆ రోజే ఇద్దరు చనిపోయారు. అదే రోజున అప్పీళ్ల అథారిటీ ఆ ప్లాంటు పర్యావరణ అనుమతిని రద్దు చేసింది. ఒకే తేదీన తుపాకీ, తీర్పు. దీన్ని పట్టుకుని కొందరు వేసే ప్రశ్న ఒకటుంది: ఆపింది చట్టమే కదా, సంఘాలకు ఘనత ఎందుకు? ఈ ప్రశ్నకు జవాబు వెతకాలంటే అక్కడికి ఎంతో దూరం లేని కాకరాపల్లికి వెళ్లాలి. అక్కడా చిత్తడి నేలే. పక్కనే తేలినీలాపురం, ఏటా శీతాకాలపు వలస పక్షులు దిగే చోటు. చట్టం కూడా అదే. అయినా అనుమతి అంత తేలిగ్గా కదల్లేదు, పనులు సాగాయి. 2011 ఫిబ్రవరి 28న వడ్డితాండ్ర దగ్గర కాల్పులు జరిగాయి, మళ్లీ ఇద్దరు ప్రాణాలు కోల్పోయారు, ఇళ్లు కాలిపోయాయి. ఆ తర్వాత కూడా ఏళ్ల తరబడి శిబిరం నడిచింది, జనం మీద కేసులు నడిచాయి. 2,640 మెగావాట్లన్న ఆ ప్లాంటు చివరికి పూర్తి కాలేదు. చట్టం ఒక్కటే సరిపోయేదైతే రెండు చోట్లా ఒకేలా జరగాలి. చట్టానికి కళ్లు ఉండవని కాదు, ఏది చూడాలో దానికి ఎవరో చూపించాలి. బీల బంజరా, చెలమా అన్న ప్రశ్న ఫైలులో పుట్టదు. అందులో దిగి చేపలు పట్టేవాడు నోరు విప్పితేనే పుడుతుంది. ఆ నోరు విప్పే ధైర్యం ఒంటరిగా రాదు.

బయటివాళ్లు వచ్చి రెచ్చగొట్టారన్నది ఇంకో అభ్యంతరం. ఉద్దానంలో ఏ ఉద్యమం లేచినా మొదట వినిపించే మాట ఇదే. బయటినుంచి వచ్చినవాళ్లు ఉన్నారన్నది నిజం. అయితే వాళ్లు వచ్చిన వరస చూడాలి. సోంపేటలో బయటివాళ్లు రాకముందే ఊళ్లలో సమావేశాలు జరిగాయి, ప్రజాభిప్రాయ సేకరణల్లో జనం వద్దని చెప్పారు. పిలిస్తే వచ్చినవాళ్లు వేరు, పిలవకుండా దిగినవాళ్లు వేరు. పైగా ప్లాంటు పెట్టుబడి, దానికి తెచ్చే బొగ్గు, అది పండించే కరెంటు వెళ్లే చోటు, అన్నీ బయటివే. అంత బయటి బలం ఒకవైపు ఉన్నప్పుడు, ఢిల్లీ సెక్రటేరియట్‌లో విద్యుత్ ఫైళ్లు చదివిన ఒక విశ్రాంత అధికారి ఇటువైపు నిలబడటాన్ని తప్పుపట్టడం న్యాయం కాదు. పల్లెటూరి రైతుకు అనుమతి పత్రంలోని అబద్ధాన్ని పట్టుకునే చదువు లేకపోవచ్చు, ఆ చదువున్నవాడికి బీల లోతు తెలియకపోవచ్చు. ఈ రెండు తెలివిడులూ కలిసిన చోటే పని జరిగింది.

ఈ తీరానికి కలిసి నిలబడటం కొత్త కాదు. 1940 మార్చిలో అఖిల భారత కిసాన్ సభ మహాసభ పలాసలో జరిగింది. మందస జమీందారు అడవిలో కట్టెకూ కలపకూ పెట్టిన ఆంక్షల మీద రైతులు అప్పటికే ఉడికిపోతున్నారు. ఆ సభ ఇచ్చిన ఊపుతో జనం అడవిలోకి బళ్లు తోలుకెళ్లి కట్టె తెచ్చుకున్నారు. 1940 ఏప్రిల్ 1న నాయకులను పట్టుకోవడానికి పోలీసులు గుడారి రాజమణిపురం వచ్చినప్పుడు అడ్డుపడినవాళ్లలో సాసుమాను గున్నమ్మ ముందుంది. తుపాకీ గుళ్లకు ఆమెతో పాటు మరికొందరు బలయ్యారు. ఉద్దానంలో ఆమెను ఇప్పటికీ వీరగున్నమ్మ అనే తలుచుకుంటారు. ఎక్కడో వేసిన అఖిల భారత పథకం అక్కడ పనిచేయలేదు. కట్టెపుల్ల కోసం ఒక ఊరు పడుతున్న బాధకు పలాస సభ ధైర్యం తోడైంది. చిన్న సంఘం, పెద్ద వేదిక, రెండూ తమ తమ కొలతలోనే ఉండి కలిశాయి.

తర్వాతి తరం అనుభవం వేరు. కొండల్లో గిరిజన సంఘం షావుకార్ల అప్పుల మీద, భూముల అన్యాక్రాంతం మీద ఏళ్లపాటు పనిచేసింది. 1967 అక్టోబరు 31న లేవిడి దగ్గర ఇద్దరు గిరిజనులను భూస్వాముల మనుషులు కాల్చి చంపారు. ఆ నెత్తురు నుంచే శ్రీకాకుళ సాయుధ పోరాటం ముదిరింది. వెంపటాపు సత్యం, ఆదిభట్ల కైలాసం కొండల్లో, పంచాది కృష్ణమూర్తి, సుబ్బారావు పాణిగ్రాహి ఉద్దానం వైపు. 1970 జూలై నాటికి ఈ నాయకులెవరూ బతికి లేరు. వారి త్యాగాన్ని తక్కువ చేసే మాట ఈ వ్యాసంలో లేదు. ఏజెన్సీ భూమి గిరిజనేతరుల చేతికి పోకుండా గట్టి చేసిన 1970 నాటి 1వ నంబరు రెగ్యులేషన్ వెనుక ఆ పోరాటపు ఒత్తిడి ఉందని నేను నమ్ముతాను. అయితే సంస్థ కోణంలోంచి చూస్తే ఒక సంగతి కప్పిపుచ్చలేం. అప్పు తగ్గించమని, కూలి పెంచమని అడిగే సంఘం పని పూర్తిగా రహస్య దళం పనిలో కలిసిపోయాక, దళం పడిపోయిన రోజున అడిగే సంఘం కూడా పడిపోయింది. బహిరంగంగా సభ్యత్వం రాసుకునే చోటు మిగల్లేదు. అన్నిటినీ ఒకే మార్గంలో, ఒకే నాయకత్వంలో కలిపేయాలనే వాదన ఇప్పటికీ వినిపిస్తుంది. ఉద్దానం చరిత్ర దానికి ఒప్పుకోదు. ఒక తాడు తెగితే ఇంకోటి పట్టుకుని ఉండేలా పది తాళ్లు ఉండటమే ఇక్కడ పనికొచ్చింది.

ఇంతవరకూ మొదటి వంతు కథ. రెండో వంతు దగ్గరికి వచ్చేసరికి లక్ష్మీపేట ముందు నిలబడుతుంది. అది అప్పటి శ్రీకాకుళం జిల్లా వంగర మండలం. మడ్డువలస రిజర్వాయరు కోసం సేకరించి, మునగకుండా మిగిలిపోయిన భూమిని దళితులు సాగుచేసుకుంటున్నారు. 2012 జూన్ 12న ఐదుగురు దళితులను ఊళ్లోనే చంపేశారు. చంపినవాళ్లు దొరలూ కాదు, జమీందార్లూ కాదు, వెనుకబడిన కులంగా లెక్కకొచ్చే రైతులు. రిజర్వాయరులో భూమి పోగొట్టుకున్న బాధ వాళ్లకూ ఉంది. సోంపేట కాల్పులకు రెండేళ్లు, కాకరాపల్లికి ఏడాదిన్నర నిండకముందే ఇది జరిగింది. హక్కుల సంఘాలు, కుల నిర్మూలన కోసం పనిచేసేవాళ్లు, వామపక్షాలు లక్ష్మీపేటకు వెళ్లాయి, ఏళ్లపాటు కేసు వెంట నడిచాయి. థర్మల్ ప్లాంటుకు ఎదురునిలిచి దేశమంతటికీ తెలిసిన జిల్లాలో, ఆ ఉద్యమాలకు బలంగా నిలిచిన రైతు కులాల ఊళ్లు దళితుల కోసం అంతే వేగంగా కదిలాయని మాత్రం చెప్పలేం. కంపెనీ ఎదురైతే అందరం ఒకటి. ఎదురుగా పొరుగువాడు ఉంటే ఒకటి కాలేం. ఉమ్మడి పోరాటానికి అసలు పరీక్ష ఇక్కడే ఉంది.

కుల హత్యాకాండను భూమి తగాదాగా చూపించి, కలయికల మీద రుద్దడం సరికాదని ఎవరైనా అనవచ్చు. హత్య హత్యే, దానికి శిక్ష న్యాయస్థానం పని. నేను అడిగేది శిక్ష గురించి కాదు, హత్యకు ముందరి సంవత్సరాల గురించి. మిగులు భూమి ఎవరికి చెందాలన్న ప్రశ్నను గొడవగా మారకముందే కూర్చోబెట్టి మాట్లాడే వేదిక ఆ చుట్టుపక్కల లేకపోయింది. నిర్వాసితుల సంఘం ఉంటే అది నిర్వాసితులదే, దళిత సంఘం ఉంటే అది దళితులదే. రెండింటికీ ఉమ్మడి శత్రువు లేనప్పుడు ఉమ్మడి వేదికా లేదు. 1985లో కారంచేడు తర్వాత పుట్టిన దళిత మహాసభ, 1991లో చుండూరు తర్వాత ఊరు విడిచి తెనాలిలో నిలిచిన బాధితులు మనకు నేర్పింది కూడా ఇదే. దళితులు తమ సంస్థను తాము కట్టుకున్నాకే మిగతావాళ్లు వాళ్లతో సమానంగా కూర్చుని మాట్లాడారు. బలహీనుడి సొంత సంఘం కలయికకు అడ్డు కాదు. అది లేకపోతే కలయికే లేదు.

హత్యల దాకా వెళ్లని చోట ఇదే సంగతి నెమ్మదిగా, శబ్దం లేకుండా జరుగుతుంది. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. ఉద్దానంలో కొబ్బరి, జీడి, పనస చెట్లు వేళ్లతో సహా పడిపోయాయి. కొబ్బరి మొక్క నాటితే కాపుకు రావడానికి ఆరేడేళ్లు. ప్రభుత్వం చెట్టుకింత అని లెక్కకట్టి పరిహారం ఇచ్చింది. దాన్ని పెంచమని రైతు సంఘాలు అడిగాయి, పెంచారు కూడా. మరి ఆ చెట్టెక్కి కాయ దింపేవాడి లెక్క? డొక్క వొలిచేవాడిది, పీచు పనికెళ్లే ఆవిడది? తోటను కౌలుకు పట్టినవాడిది? పడిపోయిన చెట్టుకు యజమాని పేరుంది, పడిపోయిన పనికి లేదు. 2011 నాటి రుణ అర్హత కార్డుల చట్టం యజమాని సంతకం లేకుండానే కౌలుదారును గుర్తించే దారి తెరిచింది. 2019 పంట సాగుదారు హక్కుల చట్టం ఆ గుర్తింపును యజమాని ఒప్పుకోలుకు ముడిపెట్టింది. దీక్షా శిబిరంలో యజమానీ కౌలుదారూ పక్కపక్కన కూర్చున్నారు. కౌలు కార్డు మీద సంతకం దగ్గర మాత్రం ఒకరు అడిగేవాడు, ఇంకొకరు ఇవ్వనివాడు. తుపాను సాయం కోసం కలిసిన సంఘాలు ఆ ఒక్క సంతకాన్ని ఉమ్మడి కోరికగా తీసుకుని ఉంటే ఎంతమంది జాబితాలోకి వచ్చేవారో ఆలోచించాలి.

పలాస–కాశీబుగ్గ జీడి కార్ఖానాలోకి ఒకసారి తొంగి చూడండి. ఉడికించిన పిక్కను కత్తెర మర మీద పెట్టి, కాలితో నొక్కి, చేత్తో చీల్చాలి. పెంకులోంచి వచ్చే జీడి సొన తగిలితే చర్మం కాలి నల్లబడుతుంది. అందుకే ఆడవాళ్లు వేళ్లకు నూనో బూడిదో పూసుకుంటారు. తర్వాత పప్పు మీది సన్నని పొట్టు తీయాలి, ముక్క కాకుండా తీయాలి. ఆ తర్వాత గ్రేడింగ్. డబ్ల్యూ 320 అంటే పౌనుకు దాదాపు 320 గుండ్లు, డబ్ల్యూ 210 అంటే ఇంకా పెద్ద పప్పు, ఇంకా ఎక్కువ ధర. గుండు విరిగితే ధర పడిపోతుంది కాబట్టి చేతి నేర్పే సరుకు విలువ. కూలి మాత్రం కిలో లెక్కన. ‘థర్మల్ వద్దంటారు, మరి పరిశ్రమలు వద్దా? జనం వలస పోతుంటే చూస్తారా?’ అనే ప్రశ్నకు ఈ కార్ఖానాలే జవాబు. బొగ్గు ప్లాంటులో శాశ్వత ఉద్యోగాలు ఎన్నో అందరికీ తెలుసు. వేల మంది ఆడవాళ్లకు పని ఇస్తున్న పరిశ్రమ ఇప్పటికే ఇక్కడ ఉంది. దాన్ని మెరుగుపరచడం, కనీస వేతనం, చేతి తొడుగులు, ఈఎస్ఐ, ప్రసవ సెలవు సాధించడం ఉద్దానం అభివృద్ధి కాదా? జీడి కార్మిక సంఘాలు ఈ మాట అడుగుతూనే ఉన్నాయి. కంపెనీ వ్యతిరేక వేదికల కరపత్రాల్లో జీడి రైతు కనిపించినంతగా ఆ రైతు పండించిన పిక్క కొట్టే మనిషి కనిపించదు. కార్ఖానా యజమాని స్థానికుడు, చందా ఇచ్చినవాడు కావచ్చు. అతన్ని నొప్పించకూడదన్న మొహమాటంలో ఆ చెయ్యి మరుగున పడుతోంది.

అన్నిటికంటే కఠినమైన ప్రశ్న కిడ్నీ జబ్బు. కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, మందస, పలాస, వజ్రపుకొత్తూరు మండలాల్లో ‘క్రియాటినిన్ ఎంతుంది?’ అన్నది ఇప్పుడు కుశల ప్రశ్న అయిపోయింది. విశాఖ కేజీహెచ్ నెఫ్రాలజిస్టు డాక్టర్ రవిరాజు వంటివారి సర్వేల నుంచి జాతీయ, అంతర్జాతీయ అధ్యయనాల దాకా ఎన్నో జరిగినా, ఇదే కారణమని ఒక్కదాన్ని వేలెత్తి చూపించలేకపోయారు. శ్రీలంక వరి పొలాల్లో, మధ్య అమెరికా చెరకు తోటల్లో ఇలాంటి జబ్బే ఉంది. నికరాగ్వాలోని చిచిగల్పా పట్టణంలో చెరకు మిల్లు మాజీ కూలీలు, వాళ్ల వితంతువులు సంఘం కట్టారు. ఆ మిల్లుకు ప్రపంచ బ్యాంకు గ్రూపులోని ఐఎఫ్‌సీ అప్పిచ్చింది. 2008లో ఆ సంస్థ ఫిర్యాదుల విభాగానికి కూలీలు అర్జీ పెట్టారు. కంపెనీ వాళ్లతో ఒకే బల్ల దగ్గర కూర్చోవలసి వచ్చింది. పరిశోధన ఎవరు చేయాలో రోగుల సంఘం కూడా కలిసి తేల్చింది, బోస్టన్ యూనివర్సిటీ వాళ్లు చేశారు. జబ్బు తగ్గలేదు, కానీ రోగి అర్జీదారు నుంచి పక్షంగా మారాడు. ఉద్దానం రోగికి అలా వేలెత్తి చూపడానికి ఒక మిల్లు లేదు. అందుకే ఇక్కడ కలయిక నిలదొక్కుకోవడం కష్టమైంది. శత్రువు కనబడని చోట జనాన్ని కలిపి ఉంచే శక్తి ఎక్కడినుంచి రావాలి?

వచ్చిన ఫలితాలను చిన్నచూపు చూడలేం. డయాలసిస్ రోగుల పింఛను నెలకు 10,000 రూపాయలైంది. 2023 డిసెంబరు 14న పలాసలో 200 పడకల సూపర్ స్పెషాలిటీ ఆసుపత్రి, కిడ్నీ పరిశోధన కేంద్రం తెరిచారు. అదే రోజున 700 కోట్ల రూపాయలతో, హిరమండలం రిజర్వాయరు నుంచి వంశధార నీటిని ఏడు మండలాల్లోని 807 ఊళ్లకు తెచ్చే తాగునీటి పథకాన్ని ప్రారంభించారు. ఏళ్ల తరబడి స్థానిక సంఘాలు, పత్రికలు, వైద్యులు, రాజకీయ నాయకులు పెట్టిన ఒత్తిడే దీని వెనుక ఉంది. వీటిని రోగి ఏ హోదాలో పొందుతున్నాడన్నది నా ప్రశ్న. డయాలసిస్ అంటే వారానికి రెండు మూడుసార్లు, ఒక్కోసారి నాలుగు గంటలు, చేతికి ఫిస్టులా సూదులు. ఇంటి నుంచి కేంద్రం దాకా ఆటో, వెంట ఒక మనిషి, ఆ మనిషి పోగొట్టుకునే కూలి. తాగే నీళ్లు గ్లాసులతో కొలుచుకోవాలి. డయాలసిస్ దాకా రాకుండా క్రియాటినిన్ పెరుగుతూ ఉన్నవాడికి ఏ సాయం, ఎప్పటినుంచి? పైపులో వచ్చిన నీటి పరీక్ష ఫలితాన్ని ఊళ్లో గోడ మీద ఎవరు రాయాలి? మిషను పాడైతే ఎవరికి చెప్పాలి? ఆసుపత్రి సలహా సంఘంలో డయాలసిస్ మీదున్న మనిషికి కుర్చీ ఉండాలని ఉద్దానం సంఘాలన్నీ ఒక గొంతుతో అడిగితే, అది ప్రభుత్వం మారినప్పుడల్లా మారిపోయే వరంగా ఉండదు.

ఇక్కడ ఉద్యమకారులే చెప్పే అభ్యంతరం ఒకటుంది. దీన్ని తేలిగ్గా తీసిపారేయడానికి లేదు. ‘ముందు ఊరు నిలబడాలి. కౌలు, కూలి, కులం ఇప్పుడే ఎత్తితే ఐక్యత చెడుతుంది, కంపెనీకి అదే కావాలి’ అంటారు. పోలీసు కేసుల్లో తిరిగి, కోర్టు వాయిదాల్లో అలిసిపోయినవాళ్లు ఈ మాట అంటే అందులో భయమూ ఉంది, అనుభవమూ ఉంది. నా జవాబు ఇది. ఐక్యతను మౌనంతో కొన్నప్పుడు దాన్ని చెడగొట్టడం ఎదుటివాడికి చాలా తేలిక. పట్టా ఉన్నవాడికి ఎకరాకు ఇంత అని ఒక ధర చెప్పి, పట్టా లేనివాడికి ఏమీ చెప్పకపోతే చాలు, శిబిరం రెండుగా చీలుతుంది. భూసేకరణ జరిగిన చాలాచోట్ల చీలిక వచ్చింది ఈ గీత మీదే. బీల నిలబడింది కూడా అక్కడ పట్టా గీత లేకపోవడం వల్లే. నీరు అందరిదీ కాబట్టి ఎవరి ధరా ఎవరూ విడిగా మాట్లాడుకోలేకపోయారు. పట్టా భూముల దగ్గర ఆ రక్షణ ఉండదు. అక్కడ కలయికే ఆ రక్షణను తయారుచేసుకోవాలి. కౌలుదారుకు, కూలికి, పడవలో వాటాదారుకు కూడా మాట లేనిదే సంతకం పెట్టబోమని పట్టాదారు ముందే రాసివ్వాలి.

ఉద్దానంలో అందరికంటే ఎక్కువ సభ్యులున్న పేదల సంస్థ ఏదంటే డ్వాక్రా సంఘం. ప్రతి వాడలో ఉంది, పుస్తకం ఉంది, పొదుపుంది, వారం వారం కూర్చునే అలవాటుంది. న్యాయం ప్రశ్న వచ్చినప్పుడు దాన్ని ఎవరూ లెక్కలోకి తీసుకోరు, ప్రభుత్వం పెట్టిన సంఘం కదా అని. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో సారా దుకాణం మూయించిన ఆడవాళ్లు కూడా ప్రభుత్వ అక్షరాస్యతా తరగతుల్లో కలిసినవాళ్లే. 1993 అక్టోబరులో రాష్ట్రమంతా సారా నిషేధం వచ్చింది. ఎవరు పెట్టారన్నది సంఘం భవిష్యత్తును తేల్చదు, అందులో ఏం మాట్లాడుకుంటారన్నది తేలుస్తుంది. పిక్క కొట్టే చేయి, డయాలసిస్‌కు వెళ్లే భర్త, కౌలు కార్డు లేని తోట, ఈ మూడూ చాలాసార్లు ఒకే డ్వాక్రా సభ్యురాలి ఇంట్లోనే ఉంటాయి.

కొండ వైపు ప్రశ్న కూడా ఇలాగే వెనుక వరసలో ఉండిపోయింది. శ్రీకాకుళం జిల్లాలో ఐదో షెడ్యూలు పరిధిలోకి రాని గిరిజన గ్రామాలు చాలా ఉన్నాయి. షెడ్యూలు బయట ఉన్న ఊరికి 1970 రెగ్యులేషన్ రక్షణ లేదు. 2022 ఏప్రిల్‌లో జిల్లాల విభజనతో సీతంపేట గిరిజనాభివృద్ధి సంస్థ (ఐటీడీఏ) పార్వతీపురం మన్యం జిల్లాలోకి వెళ్లింది. మందస కొండల సవరకు తన జిల్లాలో ఐటీడీఏ కార్యాలయం లేకుండా పోయింది. దాని కోసం గిరిజన సంఘాలు అర్జీలు పెడుతున్నాయి, ధర్నాలు చేస్తున్నాయి. ఆ ధర్నాలో కొబ్బరి రైతు, మత్స్యకారుడు ఎంతమంది కూర్చున్నారన్నది ఎవరికి వారు వేసుకోవలసిన ప్రశ్న.

ఇప్పుడు మళ్లీ అదే నేల మీద కొత్త పేర్లు వినిపిస్తున్నాయి. భావనపాడు పేరుతో మొదలైన ఓడరేవుకు 2023 ఏప్రిల్ 19న మూలపేట పేరుతో శంకుస్థాపన జరిగింది. మందస, వజ్రపుకొత్తూరు మండలాల్లో కార్గో విమానాశ్రయం ప్రతిపాదన మీద తోటల ఊళ్లు కదిలాయి, కమిటీలు వేసుకున్నాయి. తిత్లీ తర్వాత నాటిన కొబ్బరి ఇప్పుడిప్పుడే కాపు పట్టింది, అందుకే ఈసారి ఆవేదన మరింత లోతుగా ఉంది. ఆ కమిటీల సమావేశాల్లో భూమి ఎంత పోతుందో, ఏ సర్వే నంబర్లో, ఎవరి పట్టానో లెక్క రాస్తున్నారు. ఆ పుస్తకంలోనే ఇంకో పేజీ తెరిచి, ఆ తోటల్లో కాయ దింపేవాళ్ల పేర్లు, కౌలుకు పట్టినవాళ్ల పేర్లు, రాలిన పిక్కలు ఏరుకునే ఆడవాళ్ల పేర్లు, వారానికి మూడుసార్లు పలాస ఆసుపత్రికి వెళ్లేవాళ్ల పేర్లు రాయడానికి ఒక్క సాయంత్రం చాలు.